పచ్చిక యెత్తు, పక్షి ప్రమాణము

ప్రతి సంవత్సరము జనవరి మాసమున మన దేశమునందలి చెరువులయొద్దను సరస్సులయొద్దను కొందరు పక్షిప్రియులు దుర్భిణులతో వేకువనే చేరి, నీటిపై వ్రాలిన వలసపక్షులను జాతివారీగా లెక్కించి, ఆ సంఖ్యలను పట్టికల కెక్కింతురు. 1987 నుండి ఆసియా ఖండమున జరుగుచున్న ఈ నీటిపక్షుల గణన మిక్కిలి ప్రశంసింపదగినది. జీతభత్యముల నాశింపక చలిలో నిలిచి పనిచేయు వారి ఓర్పు లేనిచో ఈ పక్షులను గూర్చి ప్రభుత్వములకు తెలిసినది మరింత స్వల్పముగా నుండెడిది. ఐనను ఆ గణన ముగిసిన పిమ్మట మన పత్రికలలో వెలువడు వార్తను చూచినప్పుడెల్ల నాకొక అసంతృప్తి కలుగుచుండును. ఎన్ని పక్షులు వచ్చినవి, నిరుటికంటె ఎన్ని హెచ్చినవి, ఎన్ని తగ్గినవి అను ప్రశ్నకు మాత్రమే అందు సమాధాన ముండును. వచ్చిన పక్షులకు కడుపు నిండినదా, నిండుటకు తగిన మేత తగిన రూపమున అచ్చట నున్నదా అను ప్రశ్న ఎవరికిని తోచినట్లు కనబడదు. ఈ రెండవ ప్రశ్నయే మొదటిదానికంటె ముఖ్యమని నా దృఢవిశ్వాసము. దానికి సమాధానము వెదకబూనినవారికి పక్షిజాతు లన్నింటిలోను ఉత్తమమైన గురువు పెద్దబాతు.

బాతుకంటె పెద్దదియు హంసకంటె చిన్నదియు నగు ఈ పక్షి, రెక్కలున్న జీవులలో అత్యంత విరళమైన జీవనవిధానము నవలంబించినది: అది పచ్చిక మేసి బ్రతుకును. గింజలు, పండ్లు, పురుగులు, చేపలు మొదలగు సారవంతములైన ఆహారములను ఇతర పక్షులకు వదలి, పశువులు తినెడి గడ్డినే ఇది ప్రధానముగా తన యాహారముగ గ్రహించినది. కాని పశువునకు ప్రకృతి యొసగిన నాలుగు గదుల జీర్ణకోశముగాని, నీడన పరుండి నెమరువేయు సావకాశముగాని దీనికి లేవు. గడ్డిలోని పీచును సూక్ష్మజీవులచే పులియబెట్టించి సారము దీయవలెనన్న విశాలమైన కుక్షియు, చాలినంత కాలమును వలయును. ఆకాశమున వేలకొలది మైళ్లు ప్రయాణింపవలసిన దేహము అంతటి బరువును మోయజాలదు. కావున పెద్దబాతు ఆకును కోసి, గుటుక్కున మ్రింగి, కండరములతో బలిసిన తన జఠరమున ఇసుకరేణువుల సాయముతో నలిపి, జీవకణములలోని రసమును మాత్రము పీల్చుకొని, మిగిలిన పీచును చాలవరకు ఉన్నదున్నట్లే విసర్జించును. తిన్న మేత రెండు గంటలకు మించి దాని కడుపున సామాన్యముగా నిలువదు. మేయుచున్నంతసేపు మూడు నాలుగు నిమిషముల కొకసారి రెట్ట వేయుచునే యుండును. స్పెయిను దేశపు దక్షిణమున డోన్యానా చిత్తడినేలల చెంతనున్న ఒక ఇసుకతిన్నెకు గ్రేలాగ్ అను పెద్దబాతులు గుంపులుగా వచ్చి ఇసుకను మ్రింగి పోవుచుండును. ఆ తిన్నెకు బాతులకొండ యని అర్థమిచ్చు పేరే అచ్చటివారి వాడుకలో నిలిచినది. ఇట్టి లోభి జీర్ణకోశముతో బ్రతుకవలసిన పక్షి శీతకాలపు పొట్టి పగళ్లలో ఉదయమునుండి సాయంతనమువరకు దాదాపు తలయెత్తక మేయుచుండుటలో వింత లేదు. కొన్ని జాతులు పగలు చాలక వెన్నెల రాత్రులందును మేయును.

ఇట్లు మేతకును కాలమునకును నిరంతరము పోటీ నడుచుచున్న జీవితమున శరీరప్రమాణ మెట్టి ప్రభావము చూపునో ఇప్పుడు పరిశీలింతము. స్విట్జర్లాండున జన్మించి కాలిఫోర్నియాలో పరిశోధనలు చేసిన మాక్స్ క్లైబర్ అను శాస్త్రజ్ఞుడు 1932లో ప్రకటించిన సూత్రమొకటి కలదు. జంతువు బరువు రెట్టింపైనప్పుడు దాని దేహమునకు దినమునకు వలయు శక్తి రెట్టింపు కాక, సుమారు 1.68 రెట్లు మాత్రమే యగునని ఆ సూత్రమునుబట్టి తేలును. గుండిగలో కాచిన పాలకంటె చిన్నగిన్నెలోని పాలు త్వరగా చల్లారునట్లు, చిన్నదేహము తన బరువుతో పోల్చినప్పుడు ఎక్కువ వేడిని కోల్పోవుట ఇందులకొక కారణముగ చెప్పబడుచున్నది. పూర్తి కారణమును గూర్చి శాస్త్రజ్ఞుల వాదములు ఇంకను ముగియలేదుగాని, కొలతలు మాత్రము సూత్రమును చాలవరకు సమర్థించుచున్నవి. పెద్దబాతులలోనే ఒకటిన్నర కిలోల పక్షిని, మూడు కిలోల పక్షిని ప్రక్కప్రక్కన నిలిపి చూడుడు. పెద్దదానికి కావలసిన శక్తి 1.68 రెట్లు, దాని ప్రేవుల పరిమాణము మాత్రము బరువుతోపాటు సుమారు రెండు రెట్లు. అనగా ఖర్చుచేయు ప్రతి యొక్క శక్తిమాత్రకును పెద్దదాని కడుపున దాదాపు నూటికి పందొమ్మిది పాళ్లు ఎక్కువ చోటున్నది. ఆ యెక్కువ చోటువలన అది ముతకమేతను మరికొంత మ్రింగి, మరికొంతసేపు నిలుపుకొని, సారము తక్కువైనను సరిపెట్టుకొనగలదు. చిన్నదానికి ఆ వెసులుబాటు లేదు. కొంచెమే తిన్నను అది మేలైన మేతయే కావలెను. ఆఫ్రికా మైదానములలోని జింకలను గూర్చి 1970 ప్రాంతమున బెల్, జార్మన్ అను పండితులు చేసిన సిద్ధాంతము ఇదియే: చిన్నజింక చిగుళ్లు ఏరుకొనును, పెద్దజంతువు ఎండుగడ్డితోనైన కాలము గడుపును.

ఇంతవరకు చదివినవారికి పెద్దదేహమే అన్నివిధముల మేలనిపించుట సహజము. నిజమున కట్లు కాదు. పక్షి దేహమున కడుపుతోపాటు ముక్కు కూడ నున్నదను సంగతి ఇచ్చట జ్ఞాపకముంచుకొనవలెను. మేతసామర్థ్య మనునది ఒక్కొక్క పోటున ఎంత ఆకు లభించును, నిమిషమునకు ఎన్ని పోట్లు పొడువవచ్చును, ఆ యాకులో ఎంత సారమున్నది అను మూడింటి గుణకారఫలము. పచ్చిక మూడు నాలుగు సెంటీమీటర్ల యెత్తున దట్టముగా, లేతగా ఉన్నచోట, ముక్కెంత పొడవైనదైనను ఒక్క పోటునకు దొరకునది ఆకు కొన మాత్రమే. కనుక మూడు కిలోల పక్షికిని ఒకటిన్నర కిలోల పక్షికిని లభించు కబళములలో భేద మత్యల్పము. పెద్దదానికి 1.68 రెట్లు కావలసియుండగా కబళము అంతగా పెరుగలేదు. బరువైన తలను పొడవైన మెడతో వేగముగా ఆడించుట కష్టము గనుక పోట్ల వేగమునను అది చిన్నదానిని మించలేదు. పగలంతయు మేసినను దాని కడుపు నిండదు. ఆ పచ్చికమీదనే పెద్దబాతులలో చిన్నజాతులైన బార్నకిల్, బ్రెంట్ మొదలగు చిన్నబాతులు చిట్టిముక్కులతో చకచక పొడుచుచు, మాంసకృత్తులు నిండిన లేతకొనలను కోసికొనుచు సుఖముగా బ్రతుకును. అదే గడ్డి మోకాలెత్తు పెరిగినదనుకొనుడు. పెద్దపక్షి నోటినిండ పట్టి ఒక్కసారి లాగిన బలమైన కబళము లభించును. చిన్నదానికి ఒక్కొక్క పొడవాటి ఆకును చిట్టిముక్కుతో అనేకపర్యాయములు కదలించి లోనికి లాగికొనవలసి వచ్చును, ఒక కబళమునకు పట్టు కాలము పెరుగును, నిమిషమునకు మ్రింగు మేత తగ్గును. ఇది చాలదన్నట్లు ఎదిగిన ఆకున పీచు హెచ్చి, మాంసకృత్తులు సన్నగిల్లును. ముక్కును కడుపును ఏకకాలమున చిన్నపక్షిపై తిరుగుబాటు చేసిన ట్లగును. కావున దూరమునుండి చూచు మనకు ఒకే పచ్చని మైదానముగ కనబడు నేల, ఒకదానికి విందు, వేరొకదానికి కరవు. ఆ విందునకును కరవునకును నడుమనున్న యంతరము కొలబద్దపై కొన్ని సెంటీమీటర్లు మాత్రమే.

ఈ సెంటీమీటర్ల విలువను చిన్నబాతులు మనకంటె బాగుగ నెరుగును. నెదర్లాండ్సు దేశపు ఉత్తరమున సముద్రమధ్యమునున్న స్కిర్మొనికోగ్ అను దీవిలో వసంతఋతువున బ్రెంట్ బాతులు తీరపు మొక్కలను మేసిపోయి, మరల సుమారు నాలుగు దినములకు ఆ స్థలమునకే వచ్చుచుండుటను పరిశోధకులు గమనించిరి. మేసిన మొక్క మరల చిగిర్చి, ముదరకమునుపే వచ్చి కోసికొనిపోవుట వలన అవి తమ పొలమును తామే సాగుచేసికొనుచున్నవని చెప్పినను తప్పుగాదు. ఐనను ఆ పని అవి ఒంటరిగా నిర్వహింపజాలవు. ఆ దీవిలో పశువుల మేత మానిపించిన భాగములలో పొడుగాటి మోటుగడ్డి క్రమముగా వ్యాపించి, చిన్నబాతులు అచ్చటినుండి తొలగిపోయినవి. కుందేళ్లు కొరికి పొదలను అణచియుంచిన చోట్ల మాత్రము వానికి కొంతకాలము మేత నిలిచినది. ఆవు, కుందేలు, బాతు ఈ మూడింటి బ్రతుకులు ఒక గడ్డిపోచ యెత్తునం దిట్లు ముడివడియున్నవి.

మన దేశమున ఈ సంగతిని తెలిసికొనుటకు చెల్లింపవలసి వచ్చిన మూల్యము చాల దారుణమైనది. రాజస్థానమునందలి భరత్‌పూర్ కేవలాదేవ్ ఉద్యానమున తరతరములుగా గ్రామస్థుల గేదెలు మేయుచుండెడివి. జాతీయోద్యానముగ ప్రకటించిన పిమ్మట 1982లో, పక్షులకు రక్షణ కలుగునను సదుద్దేశముతోనే, పశువుల మేతను హఠాత్తుగ నిషేధించిరి; ఆ సందర్భమున గ్రామస్థులకును పోలీసులకును ఘర్షణ జరిగి ప్రాణనష్టముకూడ సంభవించినది. అటుపిమ్మట ఏమి జరిగినది? గేదెలు లేకపోవుటచే ఒక జాతి నీటిగడ్డి అడ్డు లేక పెరిగి మడుగులను కప్పివేసినది, పక్షులకు నీరును మేతయు కొరవడినవి. అనేక సంవత్సరములు పరిశోధించిన బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘము వారు, ఆ ఉద్యానమునకు గేదె శత్రువు కాదనియు, గడ్డిని అదుపున నుంచు మిత్రమనియు చెప్పవలసి వచ్చినది. ఆ సత్యమును ఆ గ్రామములలోని గేదెలకాపరి నడిగియుండిన మొదటి దినముననే తెలిపెడివాడు. పక్షులను లెక్కించువారి పట్టికలలో గడ్డి యెత్తునకు ఒక గడి యుండియుండిన, అంతటి రక్తపాతమునకు దారితీసిన నిర్ణయము జరిగియుండెడిది కాదని నేను గట్టిగ నమ్ముచున్నాను.

చైనా దేశమున యాంగ్జీ నది ననుసరించియున్న తూర్పు డాంగ్‌టింగ్ సరస్సు కథ ఇంతకంటె సూక్ష్మమైనది, ఇంతకంటె విచారకరమైనది. చిన్న తెల్లనుదుటి బాతు అను పక్షి, పేరునకు తగినట్లే, రెండు కిలోలకు అటునిటుగ తూగు సుకుమారప్రాణి. దాని ముక్కు మిక్కిలి పొట్టిది. ప్రపంచమున అంతరించు ప్రమాదమున్న జాతులలో నొకటిగ పరిగణింపబడుచున్న ఈ పక్షులలో తూర్పు ఆసియాకు చెందిన వానిలో అధికభాగము శీతకాలమున ఈ యొక్క సరస్సునే ఆశ్రయించును. వేసవివరదల యనంతరము శరదృతువున నీరు తీయగా బయల్పడిన బురదనేలలపై ఒక విధమగు తుంగ చిగిర్చును. బాతులు సైబీరియానుండి దిగివచ్చునప్పటికి ఆ తుంగ లేతగా, పొట్టిగా ఉన్నచో వానికి ప్రాణము. యుగయుగములుగ నీటి తీతకును, తుంగ చిగుళ్లకును, పక్షుల రాకకును కాలమునం దొక పొందిక ఏర్పడియున్నది. 2003లో నీరు నిలుపనారంభించిన త్రీ గార్జెస్ మహాజలాశయము ఏటేట శరత్కాలమున నిండుటకై నదీప్రవాహమును పట్టియుంచుటచే దిగువనున్న సరస్సు ముందుగ తీయుచున్నది. తుంగయు ముందుగనే మొలచి, బాతులు వచ్చుసరికి ముదిరి పొడవై యుండు ప్రమాద మేర్పడినది. నేల యెండిపోలేదు, పచ్చదనము తగ్గలేదు, ఉపగ్రహచిత్రమున చూచువారికి సరస్సు మునుపటికంటె హరితముగనే కనబడవచ్చును. ఐనను చిట్టిముక్కు పక్షికి అది తినలేని పచ్చదనము. పెద్దముక్కు గల బీన్ బాతువంటిది అందు ఎట్లో కాలము గడపగలదు, చిన్నది గడపలేదు. ఇంజనీరు తలుపులు దించు తేదీని మార్చినప్పుడు, తనకు తెలియకయే, ఏ ప్రమాణము గల పక్షి జీవింపవలెనో నిర్ణయించుచున్నాడు. ఆనకట్టలు కట్టరాదని నేను వాదించుటలేదు. కోట్ల ప్రజలకు వెలుగును, వరదలనుండి రక్షణను ఇచ్చు పనిని పక్షులకొరకు నిరాకరించుట ధర్మము కాదు. కాని తలుపులు దించు తేదీలలో కొన్ని దినముల సవరణతో తీరగల యాకలిని తీర్పకపోవుటకు మాత్రము నాకు సమర్థన కనబడదు.

మరియొక వైపున, ఇదే శరీరప్రమాణసూత్రము మానవుని వ్యవసాయముచే తలక్రిందులైన సంగతిని కూడ చెప్పవలెను. కోతలైన పొలములలో రాలిన ధాన్యము, బంగాళాదుంపలు, బీటుదుంపలు పెద్దప్రమాణపు బాతులకు అయాచితముగ లభించిన నిధులు. ఎరువు వేసి, కోసి, పొట్టిగ నుంచిన పశుగ్రాసపు పొలములు చిన్నబాతులకు అంతకంటెను గొప్ప నిధులు. వేటపై ఆంక్షలుకూడ తోడగుటచే ఐరోపాలో పలుజాతులు ఊహింపరాని విధముగ పెరిగినవి. స్వాల్‌బార్డ్ దీవులలో పుట్టి స్కాట్లండు సరిహద్దునందలి సాల్వే తీరమున చలికాలము గడపు బార్నకిల్ బాతులు 1948 ప్రాంతమున కొన్ని వందలకు దిగజారియుండి, రక్షణ పిమ్మట పదులవేలకు చేరినవి. గులాబిరంగు పాదముల బాతుల విషయమున, స్వాల్‌బార్డ్ గుంపును సుమారు 60,000 వద్ద నిలుపవలెనని 2012లో ఆయా దేశములు ఒడంబడికయే చేసికొనినవి. బాతులు మేసిన పైరునకు నష్టపరిహార మిచ్చు పద్ధతులు స్కాట్లండునను, నెదర్లాండ్సునను, నార్వేలోను అమలులో నున్నవి. ఆ పద్ధతులు సమగ్రములు కాకపోయినను వాని మూలమున నున్న న్యాయము నాకు శిరోధార్యము. ప్రపంచమంతటికి ఆనందము గూర్చు పక్షికి అన్నము పెట్టు భారము ఒక్క రైతుపైననే పడగూడదు. మన పొరుగునే కర్ణాటకమున గదగ్ జిల్లాలోని మాగడి చెరువునకు ప్రతి శీతకాలమున తలపై నల్లచారలుగల పెద్దబాతులు వేలకొలదిగ వచ్చి, పగలు చాలవరకు నీటిపై విశ్రమించి, చుట్టునున్న వేరుసెనగ, సెనగ చేలలోనికి మేతకై పోవుచుండును. 2024లో ఆ చెరువునకు అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగ రామ్‌సర్ గుర్తింపు లభించినది. చెరువునకు గౌరవము దక్కినది, సంతోషము. కాని బాతు మేసినది చెరువులో కాదు, చేనిలో గదా! ఆ చేని యజమానికి దక్కినదేమి?

శరీరప్రమాణము మేతను నిర్ణయించునంటిని. మేతయు శరీరప్రమాణమును నిర్ణయించును. ఈ రెండవ సత్యమును లోకమునకు తెలిపినది కెనడాలో హడ్సన్ అఖాతపు తీరమున, చర్చిల్ పట్టణమునకు సమీపముననున్న లా పెరూజ్ అఖాతము. ఫ్రెడ్ కుక్ అను ఆచార్యుడు 1968లో అచ్చట స్నో బాతులను గూర్చి ప్రారంభించిన పరిశోధన దశాబ్దముల తరబడి సాగినది. నూరు గ్రాములైన తూగక గ్రుడ్డునుండి వెడలిన పిల్ల, ఆరేడు వారములలో ఎగురగల పక్షిగ మారవలెను. ఆ స్వల్పకాలమున లభించు మేతయే దాని యెముకల పొడవును జీవితాంతము నిర్ణయించును, ఏలనన ఆ గడువు దాటిన పిమ్మట ఎంత తిన్నను క్రొవ్వు పెరుగునే గాని యెముక పెరుగదు. మొదట అచ్చటి ఉప్పునేలల గడ్డికిని బాతులకును చక్కని మైత్రి యుండెడిది: మితముగ మేయుటవలనను, రెట్టల యెరువువలనను గడ్డి మేయని చోటికంటె మేసిన చోటనే బాగుగ పెరుగుచుండెడిదని జెఫరీస్ అను శాస్త్రజ్ఞుడును ఆయన శిష్యులును నిరూపించిరి. కాని దక్షిణమున అమెరికా సంయుక్తరాష్ట్రముల పొలములలో రాలిన ధాన్యము తిని పెరిగిన బాతులు అసంఖ్యాకములై వచ్చుటతో ఆ మైత్రి చెడినది. అవి గడ్డిని వేళ్లతోకూడ పెకలించినవి. కప్పు పోయిన నేలనుండి నీరావిరియై, అడుగునున్న ఉప్పు పైకివచ్చి, మరల గడ్డి మొలవని బయలుగ మారినది. ఆ సంవత్సరములలో పుట్టిన పిల్లలు క్రమక్రమముగ చిన్నవైనవి. అవి పెరిగి పెద్దవైనను పూర్వపు పక్షుల ప్రమాణమునకు రాలేదు. పుట్టిన పొలమును విడువలేక అచ్చటనే పిల్లలను మేపిన కుటుంబముల పిల్లలకంటె, దూరముగ క్రొత్త పచ్చికలకు నడిపించిన కుటుంబముల పిల్లలు పెద్దవిగ పెరిగినవని తేలుటచే, దోషము రక్తమునందు గాక మేతయందే యున్నదని స్పష్టమైనది. బాల్టిక్ సముద్రమున గాట్‌లండ్ దీవిలో 1971 నుండి గూళ్లుకట్టుచున్న బార్నకిల్ బాతులను కొలిచిన స్వీడను శాస్త్రజ్ఞులును ఇట్టి నిర్ణయమునకే వచ్చిరి.

ఇందలి పరమార్థము గమనింపుడు. లా పెరూజ్ అఖాతమున తలలు లెక్కించువాడు సంఖ్య పెరిగినదని సంతోషించుచుండగా, కాలియెముకను కొలుచువాడు విపత్తును ముందుగనే చూడగలిగెను. పక్షి దేహమే అది పెరిగిన పొలమునకు లెక్కపత్రము. ఆ పత్రమును చదువనివాడు సంఖ్యలచే మోసపోవును. 1999లో అమెరికా ప్రభుత్వము ప్రత్యేక శాసనము చేసి స్నో బాతుల వేటను విస్తరింపజేయవలసి వచ్చినది. రోగము ముదరకముందే కొలబద్దను నమ్మియుండిన, తుపాకి యవసరము ఇంతగ కలుగకయే పోవునేమో.

పొదుగునప్పుడును ప్రమాణభేద మొక విశేషమును చూపును. అలాస్కాలోని ఎంపరర్ బాతు వంటి పెద్దజాతి ఆడుపక్షి తన దేహమున కూర్చుకొనిన క్రొవ్వుపై ఆధారపడి గూటినుండి దాదాపు కదలకయే గ్రుడ్లు పొదుగును. చిన్నదైన బ్రెంట్ బాతు అంత నిలువను మోయలేదు గనుక నడుమనడుమ లేచి మేసిరావలెను, లేచిన ప్రతిసారియు నక్కకు, సముద్రపు పక్షులకు గ్రుడ్లను అప్పగించు ప్రమాద మున్నది. కాళిదాసు మేఘసందేశమున మానససరోవరమునకు పోవు రాజహంసలు తామరతూడుల చిగుళ్లను దారిబత్తెముగ గొనిపోవునని వర్ణించినాడు. నిజమైన దారిబత్తెము చర్మముక్రింద పేరుకొను క్రొవ్వేయైనను, ప్రయాణమునకు ముందటి మేతయందే ప్రయాణఫల మిమిడియున్నదను ఆ మహాకవి గ్రహింపు ఎంత యథార్థము! హిమాలయములను దాటు చారలతల బాతును పరికరములతో వెంబడించినప్పుడు 7,290 మీటర్ల యెత్తువరకు అది ఎగిరినట్లు నమోదైనది. ఆ యెత్తున దానిని మోయు శక్తిలో కొంత దక్కనులోని ఏదో యొక చెరువుగట్టు పచ్చికనుండియో, సెనగచేనినుండియో కూర్చుకొనినదే.

మన తెలుగు నేలకు ఈ విషయముతో గల సంబంధ మిచ్చటనే యున్నది. సంగారెడ్డి దగ్గరి మంజీర జలాశయమునకు చారలతల బాతులు శీతకాలపు అతిథులు. చెరువు శిఖముభూములలో నీరు తీసిన కొలది మొలచు లేతపచ్చిక వానికి మేత. గొఱ్ఱెలు, గేదెలు మేసి ఆ పచ్చికను పొట్టిగ నుంచుచున్నంతకాలమే అది వానికి అనువైన మేత. శిఖమునంతయు కంచె వేసి పశువులను తరిమివేసినను ముప్పే, అంతయు దున్ని ఆక్రమించినను ముప్పే, సుందరీకరణ మను పేరున గట్టు చుట్టును రాతికట్టడము కట్టి ఏడాదిపొడుగున నీటిని అంచువరకు నిలిపినను ముప్పే. ఈ మూడవదానిని గూర్చి మన నగరములలో ఎవరును మాటాడకుండుట నన్ను మిక్కిలి బాధించుచున్నది. లోతునీటి చెరువు చూడ ముచ్చటగ నుండవచ్చును, మునిగి చేపలు పట్టు పక్షులకు పనికివచ్చును. పచ్చిక మేయు పక్షికి మాత్రము అందు నిలుచుటకు చోటే యుండదు.

కావున నేను కోరునవి స్వల్పములు, ఖర్చు తక్కువవి. జనవరి గణనపట్టికలో పక్షుల సంఖ్య ప్రక్కన గట్టునందలి పచ్చిక యెత్తును, నీరు తీసిన నేల వైశాల్యమును వ్రాయుటకు రెండు గడులు చేర్చవలెను; ఒక చెక్కబద్దయు, పాఠశాల విద్యార్థియు చాలును. ఉంగరములు తొడుగుటకై పక్షులను పట్టు శాస్త్రజ్ఞులు బరువుతోపాటు కాలియెముక, ముక్కు పొడవులను కొలిచి, ఏటికేడు వచ్చు మార్పును సామాన్యజనులకు అర్థమగు భాషలో ప్రకటింపవలెను. నీటిపారుదల శాఖవారు వలసపక్షులు వచ్చు జలాశయములలో నవంబరునుండి ఫిబ్రవరివరకు నీటిమట్టమును ఒక్కసారిగ పెంచక దించక, ఆయకట్టు అవసరములకు భంగము రానిరీతిగ మెల్లమెల్లగ తీయునట్లు చూడవలెను. అట్లు తీసినచో వారమువారమును నీటియంచున క్రొత్త చిగురు పుట్టుచు ఋతువంతయు మేత నిలుచును. శిఖమున పశువులను మేపుకొను కాపరులను నేరస్థులుగ చూచుట మాని, ఎచ్చట ఎప్పుడు ఎన్ని పశువులు మేయవలెనో వారితోనే కూర్చుండి నిర్ణయింపవలెను. చేలలో నష్టపోయిన రైతునకు పరిహారము పంట యింటికి చేరు కాలముననే చేరవలెను. మూడేండ్ల పిమ్మట వచ్చు పరిహారము పక్షిమీది కోపమును చల్లార్పలేదు.

ఈ పనులలో ఏదియు క్రొత్త శాసనము కోరదు. వచ్చు జనవరికి కొన్ని నెలల వ్యవధి యున్నది. పట్టికను ముద్రించువారు ఆ రెండు గడులను ఈసారియే చేర్చవచ్చును.